పెట్టని క్లిప్పు, పెట్టినట్టు టిక్కు

సంగారెడ్డి జిల్లాలోని ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీ నన్ను పిలిచినప్పుడు అడిగింది ఒక్కటే: "మా వర్కర్లకు డిసిప్లిన్ లేదు, బిహేవియర్ ట్రైనింగ్ ఇవ్వాలి." ఫ్యాక్టరీల్లో సైకాలజిస్టుగా పనిచేసేవాళ్లకు ఈ మాట కొత్తేమీ కాదు. రోగం పేరు, మందు పేరు రెండూ వాళ్లే చెప్పేసి, సూది మాత్రం మనల్ని వేయమంటారు. ట్రైనింగ్ సంగతి తర్వాత చూద్దాం, ముందు కొన్నాళ్లు ప్లాంటులో తిరగనివ్వండి అని అడిగాను. ఒప్పుకున్నారు. కంపెనీని, మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు ఇక్కడ మార్చాను. సంగతుల వరుస మాత్రం ఉన్నదున్నట్టే రాశాను.

పిలవడానికి కారణం ఒక చిన్న మంట. చలికాలం, నైట్ షిఫ్ట్. డ్రమ్ముల్లోంచి టోలీన్ అనే సాల్వెంట్‌ను (ద్రావకాన్ని) పంపుతో రియాక్టర్‌లోకి, అంటే రసాయనాలు కలిపే పెద్ద పాత్రలోకి, ఎక్కిస్తుంటే ఒక డ్రమ్ము మూతి దగ్గర భగ్గుమంది. పక్కనున్న హెల్పర్ పౌడర్ సిలిండర్‌తో క్షణాల్లో ఆర్పేశాడు. ఒకరి ముంజేతి వెంట్రుకలు కాలడం తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. టోలీన్ ఫ్లాష్ పాయింట్ 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. అంటే మామూలు గది వేడిలోనే డ్రమ్ములో ఆవిరి అంటుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. పైగా అది విద్యుత్తును దాదాపు ప్రవహించనివ్వదు. గొట్టంలో పారేటప్పుడు పుట్టిన స్టాటిక్ చార్జి దిగిపోయే దారి లేక డ్రమ్ములో పోగవుతుంది. పొడి గాలిలో ఇంకా ఎక్కువ. అందుకే ఆ చార్జిని భూమిలోకి దించే ఎర్తింగ్ క్లిప్పును డ్రమ్ము లోహానికి తగిలించాకే పంపు ఆన్ చేయాలన్నది నియమం. ఆ రాత్రి క్లిప్పు తగిలించలేదు. బ్యాచ్ రికార్డులో మాత్రం "ఎర్తింగ్ చెక్ చేశాను" అన్న గడిలో టిక్కు ఉంది, కింద సంతకమూ ఉంది.

పాత రికార్డులు తిరగేస్తే ప్రతి బ్యాచ్‌లోనూ ఆ గడిలో టిక్కు ఉంది. ఒక్కటీ ఖాళీగా లేదు. ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా క్లిప్పు విరగలేదా, వైరు తెగలేదా? నూటికి నూరు పాళ్లు పాటించినట్టు కాగితం చెబుతుంటే నాకు అనుమానం అక్కడే మొదలవుతుంది.

షాప్ ఫ్లోర్‌లో నిలబడి చూస్తే క్లిప్పు పెట్టేవాళ్లు అరుదుగా కనిపించారు. ఇక్కడ నేనొక అలవాటు పాటిస్తాను. "ఎందుకు పెట్టలేదు?" అని అడగను. ఆ ప్రశ్న వినగానే మనిషి ముద్దాయి అయిపోతాడు, వెంటనే సంజాయిషీ మొదలవుతుంది. "నిన్న రాత్రి చార్జింగ్ మొదట్నుంచి చివరిదాకా ఎట్లా చేశారో చెప్పండి" అని అడుగుతాను. డ్రమ్ముల్లోంచి రియాక్టర్‌లోకి ఎక్కించడాన్ని అక్కడ చార్జింగ్ అంటారు. టీ దగ్గర, షిఫ్ట్ మారేటప్పుడు, బస్సు కోసం నిలబడ్డప్పుడు. మేనేజర్ గదిలో మాత్రం ఎప్పుడూ కాదు.

నలభై దాటిన ఆపరేటర్ ఒకాయన మొదట చెప్పాడు. "క్లిప్పు పట్టాల్నంటే డ్రమ్ము మీద పెయింటు గీకాలె మేడం. గీకినట్టు కనబడితే ఆ డ్రమ్ము కంపెనీవాడు వాపస్ తీస్కోడు. స్టోర్స్‌వాళ్లు మా మీద లొల్లి పెడ్తరు." స్టోర్స్‌లో అడిగాను. నిజమే. గీతలు పడ్డ డ్రమ్ములకు సప్లయర్ డబ్బు కోత పెడుతున్నాడు, ఆ కోతకు ప్రొడక్షన్ జవాబు చెప్పాలని స్టోర్స్ మెమో ఇచ్చింది. అంటే ఒక డిపార్ట్‌మెంట్ పెట్టమన్న క్లిప్పును ఇంకో డిపార్ట్‌మెంట్ పెట్టనివ్వడం లేదు. క్లిప్పు పళ్లు అరిగిపోయాయి, వైరు చివరి డ్రమ్ము దాకా అందదు. గీకడానికి ఒక్కో డ్రమ్ముకు నాలుగైదు నిమిషాలు పడుతుంది. డజను డ్రమ్ముల బ్యాచ్‌కి అది దాదాపు గంట. ఆ గంట చార్జింగ్ టైమ్ షెడ్యూల్లో ఎక్కడా లేదు.

ప్రమాదాల మనస్తత్వం మీద పనిచేసిన జేమ్స్ రీజన్ లాంటివాళ్లు ఉల్లంఘనలను రకరకాలుగా విడదీశారు. రోజూ జరిగి అలవాటైపోయినవి కొన్ని, పరిస్థితి వేరే దారి లేకుండా చేసినవి కొన్ని, ఎప్పుడో ఒకసారి అసాధారణంగా జరిగేవి కొన్ని. ఇక్కడ మొదటిదీ రెండోదీ కలిసిపోయాయి. పరిస్థితి నెట్టింది, అది అలవాటుగా మారింది. అలవాటుగా మారాక కారణం తీసేసినా పోదు, అదే చిక్కు.

అయితే "వీళ్లకు డిసిప్లిన్ లేదు" అన్న మాట తప్పని నాకు తేల్చి చెప్పింది క్లిప్పు కాదు, గేటు. ప్లాంటులోకి అగ్గిపెట్టె, లైటర్, మొబైల్ ఫోన్ తేకూడదు. ఆ నియమాన్ని తప్పినవాళ్లు నాకు ఒక్కరూ కనబడలేదు. బీడీ లేకపోతే గడవదనే హెల్పర్ కూడా గేటు దగ్గర అన్నీ ఇచ్చేసి లోపలికి వస్తాడు. సెక్యూరిటీ తడిమి చూస్తుంది కాబట్టేనా? తడిమేది మెయిన్ గేటు దగ్గరే. వెనక మెటీరియల్ గేటు గుండా వచ్చేవాళ్లను ఎవరూ తడమరు, అయినా వాళ్లూ తీసుకురారు. ఒక కుర్రాణ్ని అడిగితే నన్ను వింతగా చూసి అన్నాడు: "ఎండీ సార్ కారే ఆపి ఫోన్ తీస్కుంటరు మేడం. మనమెంత?"

అమెరికాలో టామ్ టైలర్ షికాగో నగరవాసులతో మాట్లాడి 1990లో ప్రచురించిన పరిశోధన సారం దాదాపు ఇదే. మనుషులు చట్టాన్ని పాటించేది ప్రధానంగా శిక్షకు భయపడి కాదు, చట్టం నడిపేవాళ్లకు ఆ హక్కు ఉందని, వాళ్లు అందరినీ ఒకే తీరుగా చూస్తారని నమ్మినప్పుడు. షికాగో మాట సంగారెడ్డిలో గేటు దగ్గర వినిపిస్తుందని నేను అనుకోలేదు. అవే మనుషులు, అదే ప్లాంటు, అదే షిఫ్ట్. ఒక నియమాన్ని అందరూ పాటిస్తారు, ఇంకోదాన్ని ఎవరూ పట్టించుకోరు. తేడా మనుషుల్లో ఉంటే ఇలా జరగదు.

పూర్తిగా ఎవరూ పట్టించుకోలేదనడం కూడా సరికాదు. ప్రతిసారీ క్లిప్పు పెట్టే సీనియర్ ఆపరేటర్ ఒకాయన ఉన్నాడు. నా పనిలో ఇలాంటివాళ్లు దొరికితే వదలను. నియమం తప్పేవాళ్లను అందరూ అడుగుతారు, పాటించేవాణ్ని ఎందుకు పాటిస్తున్నావని ఎవరూ అడగరు. వేరే కంపెనీలో పనిచేసినప్పుడు సాల్వెంట్ మంట కళ్లారా చూశాడట. లాకర్లో సొంత వైర్ బ్రష్ దాచుకున్నాడు. డ్రమ్ము అంచు అడుగున, ఎవరికీ కనబడని చోట గీకుతాడు, అందువల్ల స్టోర్స్ గొడవ లేదు. ఆ ఉపాయం మిగతావాళ్లకు ఎందుకు చెప్పలేదంటే, "చెప్తే పెద్ద సేఫ్టీ ఆఫీసర్ అయినవా అంటరు" అన్నాడు. ఇంకో సంగతి: ఆయన కూడా ఆ టిక్కు షిఫ్ట్ చివర్లోనే, మిగతా గడులతో కలిపి ఒకేసారి పెడతాడు. పెట్టినవాడి టిక్కు, పెట్టనివాడి టిక్కు ఒకేలా ఉన్నాయి. అంటే ఆ గడి ఏమీ కొలవడం లేదు. ఆడిట్ వచ్చినప్పుడు చూపించడానికి తప్ప అది ఎందుకూ పనికిరాదు.

కొత్తగా చేరినవాళ్లది ఇంకో కథ. ఇండక్షన్‌లో విన్నది గుర్తుపెట్టుకుని మొదట్లో క్లిప్పు వెతుకుతారు. పక్కవాళ్లు నవ్వరు, తిట్టరు, ఊరికే ఎదురు చూస్తూ నిలబడతారు. ఆ నిలబడటం చాలు. కొద్ది రోజులకే కొత్తవాడు కూడా డ్రమ్ము మూత తీసి నేరుగా గొట్టం దించేస్తాడు. ఏమీ జరగదు. మళ్లీ చేస్తాడు, ఏమీ జరగదు. ఏమీ జరగని ప్రతిసారీ ఒక పాఠమే. ఇది చదువు లేనివాళ్ల తంతు అనుకునేవాళ్లు 1986 జనవరి 28ని గుర్తు చేసుకోవాలి. చాలెంజర్ అంతరిక్ష నౌక ఆరోజు కూలి ఏడుగురు చనిపోయారు. బూస్టర్ రాకెట్లలోని రబ్బరు రింగులు దెబ్బతింటున్నాయని నాసా ఇంజనీర్లకు అంతకుముందు ప్రయోగాల నుంచే తెలుసు. అయినా ప్రతిసారీ నౌక క్షేమంగా తిరిగొచ్చింది కాబట్టి ఆ నష్టం "ఫర్వాలేదు" జాబితాలోకి జరిగిపోయింది. సోషియాలజిస్టు డయాన్ వాన్ ఈ జారుడును 1996లో వివరంగా రాశారు. మన హెల్పర్ డ్రమ్ము దగ్గర నేర్చుకున్నదీ, అక్కడి ఇంజనీర్లు బల్లల దగ్గర నేర్చుకున్నదీ ఒకే తీరు.

ఇక జరిమానా. మంటకు ముందే కంపెనీ ఒక పద్ధతి పెట్టింది: సేఫ్టీ తప్పు పట్టుబడితే సగం రోజు కూలి కోత. మంట తర్వాత దాన్ని రెట్టింపు చేయాలనుకున్నారు. కాంట్రాక్ట్ హెల్పర్లలో ఎక్కువమంది ఒడిశావాళ్లు. వాళ్ల గదుల దగ్గర కూర్చుంటే ఒక ఏర్పాటు బయటపడింది. నెలకు తలా కొంత వేసుకుని ఒక డబ్బాలో పెడతారు, కోత పడ్డవాడికి అందులోంచి ఇస్తారు. జరిమానాకు ఇన్సూరెన్స్ అన్నమాట! నాకు నవ్వొచ్చింది, మెచ్చుకోబుద్ధీ అయింది. ఆ క్షణం నుంచి జరిమానా శిక్ష కాదు, ఖర్చు.

ఇజ్రాయెల్‌లోని హైఫాలో ఇలాంటిదే జరిగింది. పది డేకేర్ సెంటర్లలో పిల్లల్ని తీసుకెళ్లడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రుల్ని పరిశోధకులు గమనించారు. ఆరింట 10 షెకెల్‌ల జరిమానా పెట్టారు. ఆలస్యం తగ్గకపోగా దాదాపు రెట్టింపైంది. తర్వాత జరిమానా ఎత్తేసినా పాత స్థితి రాలేదు. 2000లో ఉరీ నీజీ, ఆల్డో రుస్తికీనీ ప్రచురించిన ఈ ఫలితాన్ని ప్లాంట్ హెడ్‌కు చెబితే, "మరి పదింతలు వేస్తే?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పట్టుబడే అవకాశం ఎక్కువగా ఉంటే శిక్ష పనిచేస్తుంది, శిక్ష ఎంత పెద్దదన్నది ఆ తర్వాతి మాట. నైట్ షిఫ్ట్‌లో డ్రమ్ముల దగ్గరకు సేఫ్టీ ఆఫీసర్ ఎన్నిసార్లు వస్తాడు? జవాబు ఇద్దరికీ తెలుసు.

దీని వెనక ఇంకో చట్టపరమైన చిక్కు ఉంది. అప్పటికి అమల్లో ఉన్న 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం ప్రకారం జరిమానా వేయాలంటే ఏయే తప్పులకో ముందే ఆమోదం తీసుకుని నోటీసు పెట్టాలి, మనిషికి సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, ఒక వేతన కాలంలో మొత్తం జరిమానా వేతనంలో 3 శాతం దాటకూడదు, వసూలైన డబ్బు కార్మికుల మేలుకే వాడాలి. సగం రోజు కోత నెలలో రెండుసార్లు పడితే 3 శాతం దాటిపోతుంది. ఇక్కడ నోటీసు లేదు, విచారణ లేదు, డబ్బు ఎటు పోతుందో హెల్పర్లకు తెలియదు. నియమం తప్పావని డబ్బు కోసే చెయ్యే నియమం తప్పుతోంది. హెల్పర్లకు సెక్షన్లు తెలియకపోవచ్చు, అన్యాయం మాత్రం బాగానే తెలుసు.

ఇన్ని కారణాలు కలిపినా నాకు తృప్తి కలగలేదు. పళ్లు అరిగిన క్లిప్పు, స్టోర్స్ గొడవ, అలవాటు, అర్థం లేని కోత — అన్నీ నిజమే. కానీ వీటన్నిటి మధ్యలో షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ ఉన్నాడు. ఆయనకు క్లిప్పు సంగతి తెలియదా? తెలుసు. "పెట్టొద్దని నేను ఎప్పుడన్న చెప్పిన్నా మేడం?" అని నన్నే అడిగాడు. నిజమే, ఎప్పుడూ చెప్పలేదు. ఆయన చెప్పేది ఒక్కటే: "పదింటికల్లా చార్జింగ్ అయిపోవాలె." గంట పట్టే పనిని లెక్కలోంచి తీసేసి పదింటికల్లా అన్నాక, ఏ పని వదిలేయాలో హెల్పర్‌కు నోటితో చెప్పనక్కర్లేదు. ఇన్‌ఛార్జ్‌కు కూడా పైనుంచి అలాగే వస్తుంది, విడమరిచి చెప్పకుండా, టైమ్ రూపంలో.

నా నివేదికలో మొదటి పేజీ మీద రాసింది ఇదే: ఈ ప్లాంటులో అవిధేయులు లేరు. రెండు నియమాలున్నాయి, ఒకటి గోడ మీద, ఒకటి గాలిలో. రెండూ ఢీకొన్నప్పుడు గాలిలో నియమానికి అందరూ తలవంచుతున్నారు. ఉల్లంఘన అని మీరు అంటున్నది చాలావరకు విధేయతే. బిహేవియర్ ట్రైనింగ్ ఇచ్చి వీళ్లను ఇంకా విధేయుల్ని చేస్తే గాలిలో నియమమే ఇంకా బాగా అమలవుతుంది. ప్లాంట్ హెడ్‌కు ఆ పేజీ నచ్చలేదు. చదివారు మాత్రం.

పనులు మొదలయ్యాయి. పెయింటును గుచ్చుకుని లోహాన్ని అందుకునే పదునైన మొనల క్లాంపులు, లాగితే వచ్చి వదిలితే చుట్టుకునే కేబుల్ రీళ్లు పెట్టారు. డ్రమ్ము అడుగు అంచున గీతలు పడితే కోత ఉండదని సప్లయర్‌తో మాట్లాడి రాయించుకున్నారు. వైర్ బ్రష్ దాచుకున్న ఆపరేటర్ చూపించిన చోటే అది. ఎర్తింగ్ సరిగ్గా అందితేనే పంపుకు గాలి వాల్వు తెరుచుకునే ఇంటర్‌లాక్ బిగించారు. రికార్డులో టిక్కు గడి తీసేసి, అక్కడ మీటరు చూపే రీడింగ్ రాయమన్నాం. లోహపు కనెక్షన్‌లో విద్యుత్ నిరోధం 10 ఓమ్‌ల లోపు ఉండాలి. టిక్కు అయితే అలవాటుగా పడిపోతుంది, అంకె కోసం మాత్రం మీటరు వైపు చూడాల్సిందే. కోతలు ఆపేశారు, ఆ మాటను షిఫ్ట్ మీటింగుల్లో చదివి వినిపించారు. పని పద్ధతిని హెల్పర్లు చెబుతుంటే తెలుగులో, ఒడియాలో కొత్తగా రాయించాం. చార్జింగ్ టైమ్‌లో క్లాంపు నిమిషాలు కలిశాయి. రాయడానికి ఇది చిన్న విషయం. ఆ మార్పుకు ఒప్పించడమే అన్నిటికంటే కష్టమైంది.

వీటితో పాటు పెట్టిన ఇంకో మార్పు, ప్రమాదం అనిపిస్తే పని ఆపే హక్కు, గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. భోపాల్ గ్యాస్ ప్రమాదం తర్వాత, 1987లో, ఫ్యాక్టరీల చట్టంలో 41-హెచ్ అనే సెక్షన్ చేరింది. ప్రమాదకర ప్రక్రియల ఫ్యాక్టరీలో ముప్పు ముంచుకొస్తోందని కార్మికుడికి అనిపిస్తే యాజమాన్యానికి, ఇన్‌స్పెక్టర్‌కు కూడా తెలియజేసే హక్కు అది ఇచ్చింది. ప్లాంటులో అడిగినవాళ్లలో ఆ సెక్షన్ పేరు విన్నవాళ్లు లేరు, ఇన్‌ఛార్జ్‌లతో సహా. దాన్ని మించి, కంపెనీ సొంత నియమంగా "ఎవరైనా ఆపొచ్చు" అని బోర్డు రాయించారు. బోర్డు రాయగానే ఏమీ కాదు. మొదటిసారి ఆపినవాడికి ఏమవుతుందా అని అందరూ చూస్తుంటారు. ఆ మొదటివాడు ఒడిశా కుర్రాడు. కేబుల్ ఊడిపోయి కనబడింది, పంపు స్టార్ట్ చేయనన్నాడు. ఇన్‌ఛార్జ్ రాత్రి ప్లాంట్ హెడ్‌కు ఫోన్ చేశాడు. "పొద్దున చూద్దాం, ఆపండి" అన్నారు ఆయన. బ్యాచ్ వెనకబడింది. పొద్దున మీటింగులో ఆ కుర్రాణ్ని పొగడలేదు, శాలువా కప్పలేదు, ఫోటో తీయలేదు. కేబుల్ మార్చి, తర్వాతి షిఫ్ట్ షెడ్యూల్ సవరించారు, అంతే. దాని తర్వాతే క్లాంపు వాడకం నిలకడగా కనిపించింది, వేళ కాని వేళ వెళ్లి చూసినా సరే. మంటల సంఖ్యతో దీన్ని కొలవలేం, మంట అంత తరచుగా రాదు కాబట్టి. చూసిన చేతుల్నే లెక్కలోకి తీసుకున్నాను.

కథ ఇక్కడ ఆగిపోతే బాగుండేది. ఒక నెలాఖరులో ఎక్స్‌పోర్ట్ డిస్పాచ్ ఆలస్యమైంది. అర్ధరాత్రి ఇంటర్‌లాక్ రిలే మొరాయించింది, క్లాంపు పెట్టినా పంపు కదలదు. ఎలక్ట్రీషియన్ ప్యానెల్ తెరిచి, రిలేను దాటిపోయేలా చిన్న జంపర్ వైరు కలిపి పంపు నడిపించాడు. ఆ వైరు తర్వాత చాలా రోజులు అక్కడే ఉండిపోయింది. బయటపడ్డాక అతన్ని సస్పెండ్ చేయబోయారు. "సార్ ఫోన్ చేసి నడపమన్నడు" అన్నాడు. మెయింటెనెన్స్ మేనేజర్‌ను అడిగితే, ప్లాంట్ హెడ్ "ఏదో ఒకటి చేసి నడపండి" అన్నారని చెప్పాడు. బైపాస్ చేయమని ఎవరూ అనలేదు.

1966లో చార్ల్స్ హాఫ్లింగ్ అనే మానసిక వైద్యుడు ప్రచురించిన ప్రయోగం ఇలాంటప్పుడు నాకు గుర్తొస్తుంది. అమెరికాలో ఆసుపత్రి వార్డులకు ఎవరో తెలియని డాక్టర్ ఫోన్ చేసి, ఫలానా రోగికి ఫలానా మందు 20 మిల్లీగ్రాములు ఇవ్వమంటాడు. డబ్బా మీద రోజుకు గరిష్ఠం 10 అని రాసి ఉంది. ఫోన్ మీద మందు ఆర్డర్లు తీసుకోకూడదన్నది ఆసుపత్రి నియమం. మందు నిజానికి హాని లేనిదే, నర్సు ఇవ్వబోయే ముందు ఆపేస్తారు. 22 మంది నర్సుల్లో 21 మంది ఇవ్వడానికి బయల్దేరారు. ఇదే పరిస్థితి కాగితం మీద పెట్టి మరో 12 మంది నర్సులను అడిగితే 10 మంది ఇవ్వబోమన్నారు. కాగితం మీద జవాబు ఒకటి, ఫోన్ మోగినప్పుడు జవాబు ఒకటి. ఆ ఎలక్ట్రీషియన్‌ను సేఫ్టీ పరీక్షలో "ఇంటర్‌లాక్ బైపాస్ చేయవచ్చా?" అని అడిగితే తప్పకుండా "చేయకూడదు" అనే రాస్తాడు. ఆ పరీక్షలో అతనికి మంచి మార్కులే ఉన్నాయి కూడా.

సస్పెన్షన్ ఆగింది. ఇంటర్‌లాక్ బైపాస్ చేయాలంటే ప్రొడక్షన్, సేఫ్టీ ఇద్దరూ ఫారం మీద సంతకం పెట్టాలని, ఆ వైరు ఏ గంటకు తీసేయాలో ఫారంలోనే రాయాలని, ఫోన్ మాట చెల్లదని పెట్టారు. దాంతో పాటు నేను ఇంకొకటి రాశాను: ప్లాంట్ హెడ్ ఏటా తీసుకునే ఇన్సెంటివ్ డిస్పాచ్ టన్నుల మీదే ఆధారపడి ఉంది, సేఫ్టీ కారణంగా ఆగిన బ్యాచ్‌లను ఆ లెక్కలోంచి మినహాయించాలి. బైపాస్ ఫారం వారంలోనే అచ్చయి వచ్చింది. ఇన్సెంటివ్ సంగతి బోర్డు దగ్గర ఉందన్నారు. అదే కంపెనీ రెండో యూనిట్ నుంచి ఈమధ్య మెయిల్ వచ్చింది, వాళ్ల వర్కర్లకు బిహేవియర్ ట్రైనింగ్ కావాలట. మీ చార్జింగ్ టైమ్ షెడ్యూల్ పంపండి, ముందు అది చూస్తాను అని రాశాను.